లేయర్ ఫారం పెంటను మంచి ఎరువుగా మార్చడం

గుడ్ల కోసం పెంచే లేయర్ కోళ్ల షెడ్డు కింద పెంట రోజూ పడుతూనే ఉంటుంది. ఒక్కో లేయర్ కోడి రోజుకు 100 గ్రాములకు పైగానే పచ్చి పెంట వేస్తుంది. పదివేల కోళ్లుంటే రోజుకో టన్ను అన్నమాట. దాంతో ఫారం పక్క ఊరివాళ్లకు గొడవే: ఈగలు, కంపు, బోరునీళ్లలోకి దిగే నైట్రేట్లు. పచ్చి పెంటను నేరుగా పొలానికి తోలితే మొక్కల వేళ్లు మాడతాయి, నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది.

అందుకే పెంటను ముందు కుప్పగా వేసి మాగబెట్టాలి. కుప్ప వేసే చోటు ఎత్తుగా ఉండాలి. బావికి, బోరుకి, చెరువుకి కనీసం 100 అడుగుల దూరం పాటించండి. అడుగున అడుగు మందాన వరిగడ్డి పరవండి. ఆపైన ఒక టన్ను పచ్చి పెంటకు సుమారు అర టన్ను గడ్డి చొప్పున, జానెడు ముక్కలుగా నరికి పొరలుగా వేయండి. గడ్డి తగ్గించి మిగుల్చుకుందామనుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. పెంటలో నత్రజని బాగా ఎక్కువ, దానికి సరిపడా కర్బనం గడ్డి నుంచే రావాలి. బ్రాయిలర్ (మాంసం కోళ్ల) షెడ్డులో నేల మీద పరిచి, పెంటతో కలిసిపోయిన లిట్టరైతే అందులో ఊక ఉంటుంది, పైగా పొడిగా ఉంటుంది. టన్నుకు దాదాపు 600 లీటర్ల నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. ఊక కుళ్లడం ఆలస్యం కాబట్టి ఇంకో నెల ఎక్కువ పడుతుంది.

తడి చూడటానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. అరచేయి తడవాలి, చుక్క కారకూడదు. కుప్ప 5-6 అడుగుల వెడల్పు, 4-5 అడుగుల ఎత్తు ఉంటే చాలు. చిన్నదైతే వేడి నిలవదు, మరీ ఎత్తైతే లోపలికి గాలి ఆడదు.

రెండు మూడు రోజుల్లో లోపల 55 డిగ్రీలు దాటాలి. థర్మామీటర్ లేకపోతే ఇనుప కడ్డీ దించి పది నిమిషాలాగి తీయండి: పట్టుకోలేనంత కాలితే పని జరుగుతున్నట్టే. ఆ వేడి పదిహేను రోజులు నిలవాలి. ఈలోగా అయిదుసార్లు తిరగేయండి, అంచుల్లోది మధ్యకు పోయేలా. ఈగల పిల్లపురుగులు అంచుల్లోని చల్లటి భాగంలోనే బతుకుతాయి.

ముక్కు మండేలా ఘాటు వస్తే గడ్డి తక్కువైనట్టు. కుళ్లిన గుడ్ల కంపు వస్తే తడి ఎక్కువై గాలి అందడం లేదు; గడ్డి కలిపి వెంటనే తిరగేయండి. లోపల బూడిదలా తెల్లగా కనిపిస్తే నీళ్లు చాలలేదు. వాసన పోతుందని సున్నం చల్లకండి, అమ్మోనియా ఇంకా ఎగిరిపోతుంది. జిప్సం లేదా సూపర్ ఫాస్ఫేట్ నయం. వానకు టార్పాలిన్ కప్పండి. చచ్చిన కోళ్లను ఈ కుప్పలో వేయొద్దు.

వేడి తగ్గాక నెల రోజులు కదపకుండా మాగనివ్వండి. నల్లబడి మట్టివాసన వచ్చాక ఎకరానికి రెండు మూడు టన్నులు, ఆఖరి దుక్కిలో వేసి మట్టిలో కలపండి.