ట్యూబ్ వేశాక ఆయాసం పెరిగితే: సమస్య - పరిష్కారం

ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోయినవాళ్లకి ఐసీడీ ట్యూబ్ (ఛాతీలోంచి గాలిని బయటికి పంపే గొట్టం) వేసి నీళ్లున్న బాటిల్ తగిలించడం మీకు తెలిసిన పనే. ఆ తర్వాత వచ్చే తంటాల గురించి రాస్తున్నాను.

సమస్య: ట్యూబులో నీళ్లు ఊపిరితో పాటు ఆడట్లేదు, ఆయాసం తగ్గలేదు.

ముందు దుప్పటి ఎత్తి చూడండి. సగం సార్లు మనిషి ట్యూబ్ మీదే పడుకుని ఉంటాడు, లేదంటే మంచం కమ్మీ దగ్గర మడత పడి ఉంటుంది. ఇది చూడకుండా ఎక్స్‌రేకి పంపేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ట్యూబ్ కొస నీళ్లలో 2 సెంటీమీటర్లు మునిగి ఉండాలి. బాత్రూమ్‌కి తీసుకెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లు బాటిల్‌ని ఛాతీ కంటే పైకి ఎత్తకూడదు. అన్నీ సరిగ్గా ఉండి, ఆయాసం కూడా తగ్గితే ఊపిరితిత్తి విచ్చుకుని ఉండొచ్చు, అది ఎక్స్‌రే చెబుతుంది.

సమస్య: బుడగలు ఆగట్లేదు.

జాయింట్లు, కుట్ల దగ్గర వదులు చూడండి. అక్కడ లేకపోతే లీకు ఊపిరితిత్తిదే. బుడగలొస్తున్న ట్యూబ్‌కి క్లాంప్ (నొక్కి మూసే క్లిప్) వేయొద్దు, గాలి లోపల బిగుసుకుని ప్రాణం మీదకొస్తుంది. నాలుగైదు రోజులైనా ఆగకపోతే సర్జన్‌కి చూపించాలి.

సమస్య: ట్యూబ్ బాగానే పనిచేస్తోంది, అయినా గంటలోపే దగ్గు మొదలై శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతోంది.

నన్ను దెబ్బతీసింది ఇదే. వరదల రోజుల్లో ఓ లంక నుంచి కొబ్బరి దింపు కుర్రాడొచ్చాడు. "ఎప్పట్నుంచి?" అంటే "నిన్నట్నుంచి ఎక్కువైందండి" అన్నాడు. అదే రాసేశాను. ట్యూబ్ వేసి సక్షన్ (గాలిని మెషీన్‌తో లాగడం) పెట్టాం. 40 నిమిషాలకి తెరలు తెరలుగా దగ్గు, ట్రేలో గులాబీ రంగు నురగ. ట్యూబ్ మూసుకుందేమోనని నేను దాన్ని పిండుతూ కూర్చున్నాను. బయట వాళ్లమ్మ చెప్పింది: "గోదారి పొంగినకాడ్నుంచే రొమ్ము పట్టేసిందమ్మా. పంటు (ఏరు దాటించే బల్లకట్టు) తిరగలేదు, ఐదు రోజులు ఇంట్లోనే ఉన్నాం."

మూడు రోజులు దాటి ముడుచుకున్న ఊపిరితిత్తిలో సన్నటి రక్తనాళాలు దెబ్బతిని ఉంటాయి. ఒక్కసారిగా విచ్చుకుంటే వాటిలోంచి నీరు గాలి తిత్తుల్లోకి ఊరిపోతుంది. కుర్రవాళ్లలో, ఊపిరితిత్తి బాగా ముడుచుకున్నవాళ్లలో ఎక్కువ. సాధారణంగా మొదటి గంట రెండు గంటల్లోనే వస్తుంది, 24 గంటల వరకూ కనిపెట్టుకుని ఉండాలి.

వెంటనే సక్షన్ ఆపండి, డాక్టర్‌ని పిలవండి, ఆక్సిజన్ పెట్టండి. జబ్బు వైపు పైకి వచ్చేలా పక్కకి తిప్పి పడుకోబెడితే కొంత మేలు. చాలకపోతే సీపాప్ (మాస్క్‌తో ఒత్తిడి పెట్టి గాలి అందించే మెషీన్) లేదా వెంటిలేటర్, అప్పుడూ ట్యూబ్ తెరిచే ఉండాలి. నురగ చూడగానే లాసిక్స్ (మూత్రం ద్వారా ఒంట్లో నీరు పోగొట్టే మందు) ఎక్కించేయొద్దు: నీరు రక్తంలోంచే పోయింది కాబట్టి బీపీ పడిపోవచ్చు. ఆ కుర్రాడు మూడో రోజుకి కోలుకున్నాడు. అందరూ కోలుకోరు.

అందుకే "ఎప్పుడు ఎక్కువైంది" కాదు, "మొట్టమొదట ఎప్పుడు పట్టేసింది" అని అడగండి, ఇంట్లోవాళ్లనీ అడగండి. రోజులు గడిచిన కేసుకి మొదట్లోనే సక్షన్ వద్దు, గాలిని దానంతటదే పోనివ్వండి. ఛాతీలో చేరింది గాలి కాక నీరైతే, దాన్ని తీసేటప్పుడు ఒక విడతలో లీటరున్నర దాటొద్దు. మధ్యలో దగ్గొచ్చినా, ఛాతీ బిగిసినా అక్కడే ఆపేయాలి.

చర్మం కింద గాలి చేరి నొక్కితే కరకరమనడం, జ్వరంతో చీము రావడం కూడా ఉండొచ్చు. వస్తే డాక్టర్‌కి చెప్పండి, చాలు.

డిశ్చార్జ్ రోజున గల్ఫ్ టికెట్ చూపించి అడిగేవాళ్లు కోనసీమలో ఎక్కువ. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నాక కనీసం 7 రోజులు ఆగాకే విమానం. లెక్క ఆ ఎక్స్‌రే తేదీ నుంచి, ట్యూబ్ తీసిన రోజు నుంచి కాదు.