పర్లాకిమిడి ఇంట్లో సర్వర్ బయటికి ఎలా కనిపించిందంటే

పాత లాప్‌టాప్‌లో డెబియన్ (ఒక రకం లినక్స్) వేసి సర్వర్ పెట్టాను. ఇంటి వైఫైలో సైటు వచ్చేది, బరంపురం హాస్టల్లో ఉన్న తమ్ముడికి మాత్రం రాదు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాళ్లను రూటర్ లాప్‌టాప్‌కి పంపడం), డైనమిక్ డీఎన్‌ఎస్ (ఐపీ మారినా సైటు పేరు దాన్నే చూపేలా చెయ్యడం), కొత్త రూటర్ (నాన్న తిట్లు అదనం): ఏదీ పనిచెయ్యలేదు.

చివరికి రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఇంటర్నెట్ కంపెనీ రూటర్‌కి ఇచ్చిన అడ్రసు, చూశాను. 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా పబ్లిక్ అడ్రసులు కావు; కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతోందన్నమాట. మన రూటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు.

అందుకే క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ టన్నెల్ వాడాను: లాప్‌టాప్ తనే వాళ్ల సర్వర్లకు కలుస్తుంది, సైటు చూసేవాళ్లు ఆ దారిలోనే వస్తారు. ముందు నా డొమైన్ (సైటు పేరు) నేమ్‌సర్వర్లు, అంటే ఆ పేరు ఎక్కడికెళ్లాలో చెప్పేవి, క్లౌడ్‌ఫ్లేర్‌కి మార్చాను. తర్వాత లాప్‌టాప్‌లో వాళ్ల టన్నెల్ ప్రోగ్రాం క్లౌడ్‌ఫ్లేర్‌డీ ఎక్కించి, లాగిన్ అయి, టన్నెల్ చేసి, దాన్ని లోకల్‌హోస్ట్ (అంటే అదే లాప్‌టాప్) 80వ పోర్టుకు కలిపి, సైటు పేరు టన్నెల్‌కే వెళ్లేలా డీఎన్‌ఎస్ రూట్ ఇచ్చాను. ఆఖర్న దాన్ని సర్వీస్‌గా (లాప్‌టాప్ ఆన్ కాగానే మొదలయ్యేలా) పెట్టాను. ఇది మరిచిపోతే కరెంటు పోయొచ్చాక టన్నెల్ దానంతటది లేవదు. నేను రెండుసార్లు మరిచాను.

మీ వ్యాన్ ఐపీ పబ్లిక్‌దే అయితే మీ జబ్బు వేరే కావచ్చు.