తాత ఊరు పాత పుస్తకాల్లో కనబడటం లేదా? ముందు జిల్లా సరిచూసుకోండి

లైబ్రరీకి వెళ్ళాం, నాలుగు రోజులు తిరగేశాం, మా ఊరి గురించి ఒక్క ముక్క దొరకలేదండీ అనేవాళ్ళు నాకు నెలకి ఇద్దరైనా తగులుతారు. ఏ పుస్తకం చూశారని అడిగితే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. పాత కాగితాన్ని మెల్లగా తిప్పాలని, ఫోటో తీసేముందు అడగాలని, పెన్సిల్ తప్ప పెన్ను పట్టుకెళ్ళకూడదని మీకు తెలుసనుకుని అసలు సంగతిలోకి వస్తున్నాను.

సమస్య: వెళ్ళేసరికి తాళం వేసి ఉంది

చాలా శాఖా గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం, ఆదివారం కాదు. పైగా పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు, మధ్యాహ్నం మూసేస్తారు. హైదరాబాద్‌లో గురువారం రాత్రి బస్సెక్కి, శుక్రవారం తెల్లవారి దిగి, తాళంకప్పతో సెల్ఫీ దిగి పంపినవాడు మా బంధువుల్లోనే ఉన్నాడు. ఫోన్ చేసి వెళ్ళండి, అంతే.

సమస్య: "మా ఇంటిపేరు మీద ఏమైనా ఉందా" అంటే లేదన్నారు

అడిగిన తీరులోనే తప్పుంది. జమీందారీ కుటుంబమో, పెద్ద కవుల వంశమో అయితే తప్ప ఇంటిపేరు మీద పుస్తకం ఉండదు. మీరు అడగాల్సినవి వేరే: జిల్లా మాన్యువల్, జిల్లా గెజిటీర్ (రెండూ ఇంగ్లీషువాళ్ళ కాలంలో జిల్లా వివరాలతో వేసిన పుస్తకాలు), సెన్సస్ హ్యాండ్‌బుక్, గ్రామ కైఫియతులు (ఊళ్ళ చరిత్ర రాయించిన పాత రాతలు), పాత పత్రికల బైండ్లు, హైస్కూలు స్వర్ణోత్సవాలకీ గుడి పునఃప్రతిష్ఠలకీ వేసిన సావనీర్లు. మామూలు మనుషుల పేర్లు దొరికేది ఈ సావనీర్లలోనే. చందాదారుల జాబితాలో మా పెదతాత పేరు, పక్కనే "రూ. 5" అని కనబడిన రోజు నేను రెండో కాఫీ తాగాను.

లైబ్రేరియన్‌గారు మొన్ననే బదిలీ మీద వచ్చి ఉండొచ్చు. ఏ బీరువాలో ఏముందో పాత అటెండరుకి తెలుస్తుంది, ఆయన్ని అడగండి. కంప్యూటర్‌లో లేదంటే యాక్సెషన్ రిజిస్టర్, అంటే లైబ్రరీకి వచ్చిన పుస్తకాలన్నీ రాసుకునే చిట్టా, చూపించమనండి.

సమస్య: సరైన పుస్తకమే తీశాను, అయినా మా ఊరు లేదు

అసలు దొంగ ఇదే. నేనూ దీని చేతిలో దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా అమ్మమ్మ పుట్టిన ఊరు తణుకు పక్కన. గోదావరి జిల్లాయే కదా అని హెమింగ్‌వే రాసిన 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్ తీశాను. చివర్లో తాలూకాల వారీగా ఊళ్ళ వివరాలుంటాయి. అమలాపురం ఉంది, రామచంద్రపురం ఉంది, పెద్దాపురం ఉంది, ఎక్కడో కొండల్లో ఉన్న భద్రాచలం కూడా ఉంది. తణుకు లేదు. మూడు వారాలు అదే పుస్తకం అటూ ఇటూ తిప్పాను. ఆఖరికి ఎవరో పేజీలు చింపేశారని అటెండరు మీద విసుక్కున్నాను కూడా. ఆయన పుస్తకం తీసుకుని పేజీ నంబర్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, అన్నీ ఉన్నాయి సార్ అన్నాడు. ఉన్నాయి మరి.

ఇంటికెళ్ళి అమ్మమ్మ దగ్గర మొర పెట్టుకుంటే ఆవిడ తాపీగా, "మా నాన్న దావా పని మీద బందరు పోయేవాడురా, ఏలూరు దాకా పడవలో" అంది. బందరెందుకు? గోదావరి జిల్లా అయితే రాజమండ్రి కోర్టుకి కదా పోవాలి? అప్పుడు వెలిగింది, ఆ రోజుల్లో తణుకు బందరు కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లా అని.

1859లో గోదావరి, కృష్ణా జిల్లాలు ఏర్పడినప్పుడు తణుకు, భీమవరం గోదావరిలో ఉన్నాయి. 1904లో గుంటూరును వేరే జిల్లా చేసి, గోదావరి పడమటి వైపు తాలూకాలను కృష్ణాలో కలిపారు. 1925లో వాటిని విడదీసి పశ్చిమ గోదావరి చేశారు. అంటే ఇంట్లోంచి కదలకుండానే మా అమ్మమ్మ వాళ్ళు మూడు జిల్లాల్లో కాపురం ఉన్నారు. 1878లో మోరిస్ రాసిన గోదావరి మాన్యువల్‌లో తణుకు ఉంటుంది, 1907 గెజిటీర్‌లో ఉండదు. కృష్ణాకి గోర్డన్ మెకంజీ రాసిన మాన్యువల్ ఉంది కదా అంటారేమో, అది 1883 నాటిది, దాంట్లోనూ ఉండదు. 1904 తర్వాతి సంగతులకి కృష్ణా జిల్లాకి వేసిన గణాంకాల సంపుటాలు చూడాలి.

ఇది తణుకు ఒక్కదాని గోలే అనుకోకండి. ఒంగోలు 1904 దాకా నెల్లూరులో, తర్వాత 1970 దాకా గుంటూరులో ఉంది, కాబట్టి ఒంగోలు పాత సంగతులు బాస్వెల్ 1873లో రాసిన నెల్లూరు మాన్యువల్‌లో వెతకాలి. కందుకూరు 1970లో నెల్లూరు నుంచి ఇప్పటి ప్రకాశం జిల్లాలోకి వెళ్ళి 2022లో మళ్ళీ నెల్లూరుకే వచ్చింది. మార్కాపురం 1970 దాకా కర్నూలు. మదనపల్లె 1911 దాకా కడప. చిత్తూరు, చంద్రగిరి అప్పటిదాకా ఉత్తర ఆర్కాటు. శ్రీకాకుళం 1936 దాకా గంజాం. భద్రాచలం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్, ఆ తర్వాత 1959 దాకా గోదావరి వైపు, అక్కడి నుంచి 2016 దాకా ఖమ్మం. ఆ ఖమ్మం జిల్లా కూడా 1953కి ముందు లేదు, వరంగల్‌లో భాగం. ఆఖరికి 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం కూడా గుంటూరు జిల్లాలో పుట్టి, ప్రకాశంలో పెరిగి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. పాత పత్రికల కోసం అక్కడికి వెళ్ళేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది అర్థమైపోతుంది.

తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆంధ్రలో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. ఆధార్ కార్డు మీదున్న జిల్లా పేరు పట్టుకుని పాత పుస్తకం దగ్గరకు వెళితే ఏం దొరుకుతుంది? మండలం పేరూ అంతే. 1985కి ముందు మండలాలు లేవు, తాలూకా, ఫిర్కా (తాలూకాలో ఓ భాగం) అని వెతకాలి. కైఫియతులైతే ఇంకా వెనక్కి పోవాలి. 1800 అటూ ఇటూగా కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించినవి కాబట్టి వాటిలో సీమలు, పరగణాలు, సర్కారులు అని అప్పటి పాలనా భాగాల పేర్లు ఉంటాయి.

ఏం చేయాలంటే, లైబ్రరీకి బయల్దేరే ముందే ఓ కాగితం మీద ఊరి పేరు రాసి, దాని కింద మీకు కావాల్సిన సంవత్సరాల్లో అది ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది రాసుకోండి. తెలియకపోతే 1951 సెన్సస్ హ్యాండ్‌బుక్‌తో మొదలుపెట్టండి, దాంట్లో పాత తాలూకాల కింద ఊళ్ళ జాబితా ఉంటుంది. అంతకంటే సులువైన దారి ఇంట్లో ఉంది. పెద్దవాళ్ళని "మనది ఏ జిల్లా" అని అడగకండి, ఇప్పటిదే చెబుతారు. "కోర్టు పని మీద, రిజిస్ట్రేషన్ పని మీద ఏ ఊరు వెళ్ళేవారు" అని అడగండి.

సమస్య: ఊరు దొరికింది, సంవత్సరం కుదరడం లేదు

"దుందుభిలో పుట్టాడు" అంటే 1862 కావచ్చు, 1922 కావచ్చు, 1982 కావచ్చు. అరవయ్యేళ్ళు తప్పితే తాత కాస్తా ముత్తాత అవుతాడు. ఏదైనా కరువో తుఫానో జతచేసి చూడండి. నందనలో కరువొచ్చి గుంటూరు సీమ వదిలేశాం అని ఇంట్లో చెప్పుకుంటుంటే అది 1832-33 నాటి డొక్కల కరువు, 1892 నాటి నందన కాదు. ధాత కరువంటే 1876.

పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అనే లెక్కలో సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి. ఫసలీ 1310 అంటే మద్రాసు వైపు 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. నిజాం వైపు ఫసలీ అక్టోబరులో మొదలవుతుంది, కాబట్టి నెలల దగ్గర జాగ్రత్త.

సమస్య: ఇండెక్స్‌లో ఊరి పేరు లేదు

ఇంగ్లీషువాళ్ళ స్పెల్లింగు. కాకినాడ వాళ్ళకి కొకనాడ, శ్రీకాకుళం చికాకోల్, కడప కుడ్డపా. మూడూ సి అక్షరం కింద ఉంటాయి. చిన్న ఊళ్ళకి నాలుగైదు స్పెల్లింగులు ఊహించుకుని చూడాలి, వేరే దారి లేదు.

మిగతావి

నిజాం ఏలుబడిలోని ఊళ్ళ పాత కాగితాలు ఉర్దూలో ఉంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి ఉర్దూ వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. దత్తత వల్ల ఇంటిపేరు మారడం అరుదుగా చూశాను, ఒక తరం దగ్గర తాడు తెగినట్టు అనిపిస్తే అప్పుడు ఆలోచించండి. తాళపత్రాల జోలికి ఇప్పుడే పోకండి. ఇక పేజీలు చింపేయడం, ఇన్నేళ్ళలో నిజంగా చిరిగిన పేజీ నాకు రెండుసార్లే తగిలింది, రెండుసార్లూ రాజమండ్రి గౌతమి గ్రంథాలయం కాపీలో ఆ పేజీ ఉంది.