దీవి రిసార్ట్‌కు బయల్దేరే ముందు చూసుకోవలసినవి

విమానంలో గంటా రెండు గంటలే కదా అని ఏర్పాట్లు వదిలేయకండి. అసలు చిక్కు విమానం దిగాకే.

• విమానాశ్రయం నుంచి రిసార్ట్‌కు ఎలా వెళ్తారు? సీప్లేన్లు (నీటి మీద దిగే చిన్న విమానాలు) సాధారణంగా పగటిపూటే ఎగురుతాయి. సాయంత్రం దిగితే స్పీడ్‌బోటు ఉంటుందా, లేక ఆ రాత్రి వేరేచోట గడపాలా అన్నది బుక్ చేయకముందే అడగండి. పడవ ఛార్జీ గది అద్దెలో కలిసి ఉందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. చిన్న విమానాల్లో లగేజీ పరిమితి కూడా తక్కువే.

• తుపాన్ల కాలం. అట్లాంటిక్ వైపు జూన్ నుంచి నవంబర్, దక్షిణార్ధగోళంలో సుమారుగా నవంబర్ నుంచి ఏప్రిల్. అప్పుడు గదులు చవగ్గా దొరకొచ్చు. రద్దు చేస్తే డబ్బు వెనక్కి వచ్చే బుకింగ్ అయితేనే తీసుకోండి.

• వేరే దేశమైతే పాస్‌పోర్టు గడువు. చాలా దేశాలు 6 నెలలైనా మిగిలి ఉండాలంటాయి.

• స్కూబా డైవింగ్ చేసేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. నీటి లోతున ఒంట్లో కరిగిన నైట్రోజన్ పూర్తిగా పోకముందే విమానమెక్కితే, క్యాబిన్‌లో పీడనం తగ్గి అది బుడగలు కడుతుంది. ప్రాణం మీదికి రావచ్చు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువైతే 18 గంటలు ఆగాలి. కాబట్టి చివరి రోజు డైవింగ్ పెట్టుకోకండి. నీటి పైన చేసే స్నార్కెలింగ్‌కు ఇబ్బంది లేదు.

• రోజూ వేసుకునే మందులు కొన్ని రోజులవి అదనంగా, చేతి సంచిలోనే. పవర్ బ్యాంకూ అందులోనే.

• డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది. దోమల క్రీము బీచ్‌కు కూడా తీసుకెళ్లండి.