‘ఎ’ ఎక్కడ, ‘ది’ ఎక్కడ?

ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్‌లో ‘ఎ’, ‘ది’ తేడా చెప్పలేక నానా తంటాలు పడ్డాను. సూత్రాలు గడగడా అప్పజెప్పేవారు. వాక్యం రాయమంటే రెండింటినీ ఎగరగొట్టేవారు. తప్పు వాళ్లది కాదు, తెలుగులో వాటి అవసరమే లేదు కదా!

చివరికి వ్యాకరణం మూసేసి, దాహం వేసిన కాకి కథ అందుకున్నాను. పది వాక్యాలే. ‘అనగనగా ఒక కాకి’ అన్నప్పుడు ‘ఎ క్రో’. పరిచయమైపోయింది కనుక మళ్లీ వస్తే ‘ది క్రో’. తరువాత అదే కథను ఖాళీలతో బోర్డు మీద రాశాను. “కుండను ఇందాకే చూశాము కదా టీచర్, ‘ది’ పెట్టాలి” అంది వెనక బెంచీ అమ్మాయి.

‘ది సన్’ దగ్గర మాత్రం గొడవ చేశారు, సూర్యుడిని ఇంతకుముందు చూపించలేదుగా అని. ఉన్నది ఒక్కడే, పరిచయం అక్కర్లేదన్నాను. ఒప్పుకున్నారు, కొంచెం అయిష్టంగానే.