గోడ కలవదు, గుమ్మం కుదరదు: స్వీట్ హోమ్ త్రీడీలో తిప్పలు, వాటి మందులు

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు ఇల్లు కట్టాలనుకున్నవాళ్లు ఇంజనీరు దగ్గరికి వెళ్లేలోపు తమ ప్లాన్ తామే ఒకసారి కంప్యూటర్లో గీసి చూసుకోవడం మంచిదే. ఇంటి ప్లాన్ గీసే సాఫ్ట్‌వేర్ స్వీట్ హోమ్ త్రీడీ ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. పైన ప్లాన్, కింద త్రీడీ బొమ్మ ఉంటాయి. తప్పు కంటికి కనిపించేది కింద బొమ్మలో, అది పుట్టేది మాత్రం పైన ప్లాన్‌లో. అందుకని త్రీడీలో ఏదైనా వంకర కనిపిస్తే కెమెరా తిప్పుతూ కూర్చోకండి, పైకి వెళ్లి ఆ గోడనో గుమ్మాన్నో డబుల్ క్లిక్ చేసి లోపల ఏ అంకె ఉందో చూడండి.

ఇల్లంతా అగ్గిపెట్టెంత వచ్చింది

మీరు 10 అని కొట్టింది అడుగులనుకుని, సాఫ్ట్‌వేర్ తీసుకున్నది సెంటీమీటర్లని. ప్రిఫరెన్సెస్‌లో యూనిట్‌ను అడుగులు, అంగుళాలకు మార్చుకోండి. ఆ తర్వాత 10'6" అని కొట్టినా తీసుకుంటుంది. యూనిట్ మార్చినంత మాత్రాన అప్పటికే గీసిన గోడలు పెరగవు, అవి అంతే ఉండి అంకెలు మాత్రం అడుగుల్లో కనిపిస్తాయి. నాలుగైదు గోడలే గీసి ఉంటే చెరిపేసి మళ్లీ గీయడమే తేలిక.

కొలతలన్నీ సరిగ్గానే ఇచ్చాను, గది అరడుగు తగ్గింది

ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఈ సాఫ్ట్‌వేర్‌లో కొత్త గోడ మందం మొదట్లో 7.5 సెంటీమీటర్లు, అంటే దాదాపు 3 అంగుళాలు ఉంటుంది. మన దగ్గర ఇటుక గోడ బయట 9 అంగుళాలు, లోపలి పార్టిషన్ నాలుగున్నర. ముందు ఆ మూడంగుళాలతోనే ఇల్లంతా గీసేసి, గుర్తొచ్చాక గోడలన్నీ ఎంచుకుని మందం 9 చేస్తారు. గోడ తన నడుమ గీత మీదే ఉండి రెండు పక్కలా సమానంగా ఉబ్బుతుంది. ఒక్కో గోడ గదిలోకి మూడంగుళాలు జరుగుతుంది. ఎదురెదురు గోడలు రెండూ జరిగేసరికి పదడుగుల గది తొమ్మిదిన్నర అవుతుంది. ఆయం చూసుకుని కట్టించుకునే ఇంట్లో ఆరంగుళాల తేడా చిన్న గొడవ కాదు.

దీనికి మందు ముందే వేసుకోవాలి. ఒక్క గోడ కూడా గీయకముందు ప్రిఫరెన్సెస్‌లో కొత్త గోడల మందం 9 అంగుళాలు, ఎత్తు 10 అడుగులో 11 అడుగులో, మీ స్లాబ్ ఎంతుంటే అంత పెట్టండి. మొదట్లో ఎత్తు 250 సెంటీమీటర్లు ఉంటుంది. అది ఎనిమిది అడుగుల పైచిలుకు, మన ఇళ్లకు చాలదు. పార్టిషన్ గోడలు గీసే ముందు మందం నాలుగున్నరకు మార్చుకోండి. ప్లాస్టరింగ్ కూడా లెక్కలోకి రావాలనుకుంటే 9కి బదులు 10 పెట్టుకోవచ్చు. మేస్త్రి దగ్గర మాత్రం ఇటుక కొలతే చెప్పండి, అతను టేపు పెట్టేది ఇటుక మీదే.

రెండో సంగతి, గీసేటప్పుడు కనిపించే పొడవు ఆ నడుమ గీతది. బయటి నుంచి బయటికి 30 అడుగులు రావాలంటే 9 అంగుళాల గోడకు 29'3" గీయాలి. అప్పుడు లోపల 28'6" మిగులుతుంది. గోడ గీస్తుండగా ఎంటర్ నొక్కితే పొడవు, కోణం అంకెల్లో కొట్టడానికి చిన్న పెట్టె వస్తుంది. మౌస్ చేత్తో లాగి సరిచేయడం కంటే ఇది ఎంతో నయం.

మేస్త్రి గీసిన కాగితాన్ని ఫోటో తీసి వెనక పెట్టాను, ఒక పక్క కలిస్తే ఇంకో పక్క కలవదు

ఫోటో వాలుగా తీసి ఉంటారు. కాగితం పై అంచు కన్నా కింది అంచు పెద్దగా పడుతుంది, ఆ వంకర ఏ స్కేలుతోనూ పోదు. ఫోన్‌లో స్కానర్ యాప్‌తో మళ్లీ తీయండి, అంచులు అదే నిటారు చేస్తుంది. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ పెట్టేటప్పుడు స్కేలు గీతను కాగితం మీద ఉన్న అన్నింటికన్నా పొడవైన కొలత మీద పెట్టండి. మూడడుగుల గుమ్మం మీద పెడితే గీత ఒక్క వెంట్రుకవాసి తప్పినా నలభై అడుగుల దగ్గర అది అంగుళాలకు అంగుళాలు పెరుగుతుంది.

గదికి నేల పడటం లేదు

క్రియేట్ రూమ్స్ టూల్ ఎంచుకుని నాలుగు గోడల మధ్య డబుల్ క్లిక్ చేస్తే గది నేల దానంతటదే రావాలి. రాకపోతే ఎక్కడో కంత ఉంది. రెండు చోట్ల చూడండి. ఒకటి మూలలు. ప్లాన్‌ను బాగా పెద్దది చేసి చూస్తే రెండు గోడల కొసలు అంటీ అంటనట్టు నిలబడి ఉంటాయి. గోడలను ఎంచుకుని ప్లాన్ మెనూలోని జాయిన్ వాల్స్ నొక్కండి, లేదా కొసను పట్టుకుని రెండో గోడ కొస మీదికి లాగండి. మాగ్నెటిజం ఆన్‌లో ఉంటే అదే అతుక్కుంటుంది.

రెండోది గుమ్మం ఉండాల్సిన చోట. కాగితం మీద గీసిన అలవాటుతో గుమ్మం దగ్గర గోడను ఆపి, మూడడుగులు ఖాళీ వదిలి, మళ్లీ మొదలుపెడతారు. ఇక్కడ అలా చేయకూడదు. గోడ ఈ మూల నుంచి ఆ మూలకు ఏకంగా గీసేయండి, తలుపు తెచ్చి దాని మీద పెట్టండి. గోడకు కన్నం చేసుకునే పని తలుపుదే.

గోడ మీద మచ్చలు మిణుకుమంటున్నాయి

త్రీడీలో తిప్పుతుంటే రెండు రంగులు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డును తిట్టకండి. ఒకే చోట రెండు గోడలున్నాయి, అంతే. హాలు ఒక పెట్టెగా, పడకగది ఇంకో పెట్టెగా విడివిడిగా గీస్తే నడుమ గోడ రెండుసార్లు పడుతుంది. అనుమానమున్న గోడను క్లిక్ చేసి డిలీట్ నొక్కండి. గోడ ఇంకా కనిపిస్తూనే ఉంటే అది రెండోది. ఇలాంటి జంట గోడ మీద తలుపు పెడితే కన్నం ఒక గోడకే పడి, వెనక గోడ అడ్డంగా నిలబడటం కూడా జరుగుతుంది. ముఖ్యంగా రెండు గోడలూ కచ్చితంగా ఒకదాని మీద ఒకటి లేనప్పుడు.

లోపలికి వేసిన రంగు బయటికి వచ్చింది

గోడకు ఎడమ, కుడి అనేవి మీరు గీసిన దిశను బట్టి వస్తాయి. గడియారం ముల్లు తిరిగే దిశలో ఇల్లు గీస్తే కుడిపక్క ఎప్పుడూ లోపలికి ఉంటుంది. కొన్ని గోడలు అటూ కొన్ని ఇటూ గీసి ఉంటే ఆ గోడలను ఎంచుకుని రివర్స్ వాల్స్ డైరెక్షన్ నొక్కండి.

తలుపు పెట్టాను, గోడకు కన్నం పడలేదు

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన తలుపైతే అది గోడ మందంలో పూర్తిగా కూర్చోలేదని అర్థం. ప్లాన్‌లో కొంచెం జరిపితే సర్దుకుంటుంది. బయటి నుంచి తెచ్చుకున్న బొమ్మ అయితే కారణం వేరే ఉంది. ఇంపోర్ట్ చేసేటప్పుడు డోర్ ఆర్ విండో అనే గడిలో టిక్ పెట్టకపోతే అది సాఫ్ట్‌వేర్ దృష్టిలో బీరువా లాంటిదే. బీరువా కోసం గోడ కన్నం చేసుకోదు కదా. ఎడమవైపు కేటలాగ్‌లో ఆ బొమ్మను ఎంచుకుని మోడిఫై నొక్కి ఆ టిక్ పెట్టండి. ఇంట్లో అప్పటికే పెట్టినవి మారవు, వాటిని తీసేసి కేటలాగ్ నుంచి కొత్తగా లాగి పెట్టాలి. ఈ చివరి మాట తెలియక టిక్ పెట్టినా పని చేయలేదని వదిలేసేవాళ్లు చాలామంది.

తలుపు తప్పు వైపు తెరుచుకుంటోంది

బాత్రూమ్ తలుపు కమోడ్‌కు తగులుతుందో లేదో ఇల్లు కట్టాక తెలుసుకోవడం కంటే ప్లాన్‌లో ఆ వంపు గీత చూసి తెలుసుకోవడం మేలు. మార్చడానికి దారులు రెండు, రెండూ ఒకటి కావు. మిర్రర్డ్ షేప్ టిక్ పెడితే బందులు ఎడమ నుంచి కుడికి మారతాయి, రెక్క తెరుచుకునే గది మారదు. తలుపును 180 డిగ్రీలు తిప్పితే లోపలికి తెరుచుకునేది బయటికి తెరుచుకుంటుంది, బందులు కూడా రెండో పక్కకు పోతాయి. బందులు ఉన్న పక్కనే ఉండి దిశ మాత్రమే మారాలంటే రెండూ చేయాలి.

సింహద్వారానికి రెండు రెక్కలు కావాలి

బ్లెండర్‌లాంటి, త్రీడీ బొమ్మలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో చెక్కడం పనితో రెండు రెక్కల తలుపు చేసి తెచ్చుకుంటే త్రీడీలో బాగుంటుంది, ప్లాన్‌లో మాత్రం రెక్కలు తెరుచుకునే వంపు గీతలు రావు. ఆ గీతల వివరం బొమ్మలో ఉండదు. ఫర్నిచర్ లైబ్రరీ ఎడిటర్ అనే వేరే ప్రోగ్రాంలో ఒక్కో రెక్కకు ఇరుసు ఎక్కడ, వెడల్పు ఎంత, ఏ కోణం నుంచి ఏ కోణం దాకా అని ఇవ్వాలి. ఓపిక ఉంటే చేయండి. లేకపోతే అడ్డదారి ఒకటుంది. 1'9" వెడల్పున్న మామూలు తలుపులు రెండు పక్కపక్కన పెట్టి ఒకదానికి మిర్రర్డ్ షేప్ టిక్ పెట్టండి, 3'6" సింహద్వారం సిద్ధం. త్రీడీలో నడుమ ద్వారబంధం కనిపిస్తుంది, వడ్రంగికి చూపించే ప్లాన్‌కు దాంతో ఇబ్బంది లేదు.

తులసి కోట తెచ్చాను, కనిపించడం లేదు

ఉంది, సెంటీమీటరంత ఉంది. త్రీడీ బొమ్మ వచ్చే ఓబీజే ఫైల్లో యూనిట్ రాసి ఉండదు. బ్లెండర్ మీటర్ల లెక్కన 0.9 అని రాసి పంపుతుంది, ఇక్కడ అది 0.9 సెంటీమీటర్లు అవుతుంది. ఇంపోర్ట్‌లో కొలతలు అడిగే చోట కీప్ ప్రపోర్షన్స్ టిక్ ఉంచి ఎత్తు మాత్రం 3 అడుగులని కొట్టండి, మిగతావి అవే వస్తాయి.

కోట పక్కకు పడుకుని వస్తే పైకి చూపే అక్షం తేడా. కొన్ని ప్రోగ్రాముల్లో అది జడ్, ఇక్కడ వై. ఇంపోర్ట్‌లోనే తిప్పే బటన్లు ఉంటాయి. రంగులన్నీ పోయి బోసిగా వస్తే ఓబీజే ఒక్కటే తెచ్చి, పక్కనున్న, రంగుల వివరాలుండే ఎంటీఎల్ ఫైలునూ రంగుల ఫోటోలనూ వదిలేశారన్నమాట. మూడింటినీ ఒక జిప్ చేసి ఆ జిప్‌నే ఇవ్వండి. కొన్ని ముఖాలు మాయమై బొమ్మ ఆరపార కనిపిస్తే వెనక ముఖాలు చూపించే టిక్ పెట్టండి. ఉయ్యాల బల్ల, రోలు, మండువా స్తంభాలు, ఏం తెచ్చినా ఈ నాలుగింటిలో ఒకటి తప్పకుండా ఎదురవుతుంది. స్తంభం మీద చెక్కడం మరీ వివరంగా ఉంటే ఫైలు బరువెక్కి తిప్పినప్పుడల్లా ఆగుతుంది. ఎనిమిది స్తంభాల మండువాకు ఆ బరువు ఎనిమిది రెట్లు.

అరుగు, మండువా ఇంటి నేలతో సమానంగా వస్తున్నాయి

డెల్టాలో వాన నీటికి భయపడి ఇంటి నేలను రోడ్డు కంటే ఎత్తులో కడతాం. అరుగు దానికి కొంచెం కింద, మండువా లోగిలి నడుమ వాన పడే చోటు ఇంకా కింద. ఇక్కడ గది నేలకు విడిగా ఎత్తు ఇచ్చే గడి లేదు, నేల ఏ లెవెల్లో గీస్తే ఆ ఎత్తులో ఉంటుంది. కాబట్టి ఒక్కో ఎత్తుకు ఒక్కో లెవెల్ కొత్తగా చేర్చాలి. వాకిలికి 0, అరుగుకు 2 అడుగులు, ఇంటికి 3 అడుగులు, మీ బేస్‌మెంట్ ఎంతైతే అంత. ఇలా చేయగానే ఇల్లు గాలిలో తేలుతుంది, కంగారు పడకండి. 0 లెవెల్లో ఇంటి చుట్టూ 3 అడుగుల ఎత్తు గోడలు గీస్తే కింద ఖాళీ మూసుకుపోతుంది. నాలుగు వైపుల నుంచి లోపలికి వాలే పెంకు కప్పుకు నేరుగా పనికొచ్చే టూల్ లేదు. వాలు బొమ్మను విడిగా చేసి తెచ్చుకోవాలి. పక్క గోడలకు మాత్రం స్లోపింగ్ వాల్ కింద మొదటి కొసకు ఒక ఎత్తు, చివరి కొసకు ఇంకో ఎత్తు ఇస్తే చాలు. త్రికోణం కావాలంటే ముందు గోడను స్ప్లిట్ వాల్‌తో సగానికి విడదీయండి.

వంటగది అని రాస్తే గళ్లు వస్తున్నాయి

ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేదు. టెక్స్ట్ స్టైల్‌లో గౌతమి గానీ నిర్మలా యూఐ గానీ ఎంచుకోండి, లినక్స్‌లో అయితే నోటో సాన్స్ తెలుగు.