మెకానికల్ ఇంజనీరింగ్‌ని స్కూలు పిల్లలకు పరిచయం చేయాలంటే సైకిల్‌తో మొదలుపెట్టండి

దయచేసి బోర్డు మీద ఫార్ములాలతో మొదలుపెట్టకండి. ఒక గేర్లు లేని సైకిల్‌ని క్లాసులోకి తెచ్చి తలకిందులుగా నిలబెడితే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే చుట్టూ మూగుతారు.

ముందు పళ్లు లెక్కపెట్టించండి. పెడల్ దగ్గర పళ్లచక్రానికి 48, వెనక దానికి 16 ఉన్నాయనుకోండి, పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో ఊహించి చెప్పమనండి, ఆ తర్వాత టైరు మీద చాక్‌పీసుతో గీత పెట్టి తిప్పించండి. మూడు చుట్లు తిరుగుతుంది. మెల్లగా తిప్పాలి సుమా, జోరుగా తిప్పితే ఫ్రీవీల్ వల్ల పెడల్ ఆగినా చక్రం తిరుగుతూనే ఉండి లెక్క తప్పుతుంది. చెయిన్ దగ్గరికి వేళ్లు అస్సలు పోనివ్వకండి. చక్రం చుట్టుకొలత 2 మీటర్లైతే పెడల్ ఒక్క చుట్టుకి సైకిల్ 6 మీటర్లు పోతుందన్నమాట. మరి ఎత్తు ఎక్కేటప్పుడు అంత కష్టమెందుకు? ఎవరూ అడగకపోతే మీరే అడగండి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది: దూరం ఎక్కువ కావాలంటే చక్రానికి అందే బలం తగ్గుతుంది, రెండూ ఒకేసారి పెరగవు.

ఇదే సూత్రాన్ని ఇంకో రూపంలో చూపించడానికి సూదుల్లేని రెండు సిరంజీలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, సన్న గొట్టంతో కలిపి గాలి లేకుండా నీళ్లు నింపండి. చిన్నదాన్ని నొక్కితే పెద్దది కొంచెమే కదులుతుంది కానీ బరువైన పుస్తకాన్ని కూడా లేపుతుంది. జేసీబీ చెయ్యి లేచేది కూడా ఇలాగే, అక్కడ నీళ్ల బదులు నూనె ఉంటుంది.

తర్వాత అట్టముక్కలిచ్చి సొంతంగా ఒక క్రేన్ చేయమనండి, మొదటిది విరిగితే మీరు బాగుచేసి పెట్టకుండా ఎక్కడ విరిగిందో వాళ్లనే బొమ్మ గీయమనండి.